వాన లెక్కయు చుక్కల పటమును



నేడు నేను చెప్పబోవునది కంప్యూటరునకు సంబంధించిన విషయము. ఆ పేరు వినినంతనే రేడియో కట్టివేయకుడు. ఇది వానను, కందిచేనును గూర్చిన ముచ్చట కూడ.

మాది వికారాబాదు జిల్లాలోని బషీరాబాదు. ఇటు తాండూరు, అటు కర్ణాటకపు సరిహద్దు. ఈ సీమయందు అడుగున సున్నపురాయి, పైన లోతైన నల్లరేగడి. ఆ రేగడిలో వానాధారముగా పండు తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించినది. వానాధారమనగా, ఆకాశము ఏనాడు తడిపెనో, ఏనాడు ఎండగట్టెనో యెఱిగియుండుట మాకు సంసారపు లెక్కయే. అందుచేత నేను మిద్దెపై వానకొలత పాత్రయొకటి యుంచి, దినదినమును ఉదయము ఎనిమిదిన్నర గంటలకు చూచి, పడిన వానను మిల్లీమీటర్లలో వ్రాసికొనుచుంటిని.

పుస్తకము నిండినది గాని అంకెలు మాటాడలేదు. నిలువున చదువుకొనిపోయిన ఏది యెంత హెచ్చో మనసు పట్టదు. పటము గీయవలయును. నా కంప్యూటరు పాతది. బొమ్మలు గీయు పెద్ద సాధనములు దానిపై సాగవు. అయినను దానిలో షెల్ అను నల్లని తెర యొకటి కలదు. అందు బొమ్మలుండవు. మన మాజ్ఞను అక్షరములతో వ్రాసిన, అది అక్షరములతోనే బదులు చెప్పును. అక్షరములతో పటమెట్లందురా? పాలు పోయువారు గోడపై బొగ్గుతో గీతలు గీచి లెక్క నిలుపుకొనుట మీరెఱుగనిది కాదు. ఇదియు నంతే. రెండు మిల్లీమీటర్ల వానకు ఒక చుక్క.

ఈ పనికి ఆక్ అను పరికరము కలదు. 1977లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలయందు ఆహో, వైన్‌బర్గర్, కెర్నిహాన్ అను మువ్వురు దానిని నిర్మించిరి. వారి పేర్ల మొదటి అక్షరములే దాని పేరు. పంక్తికొకటిగా తేదీయు వానయు గల పట్టికను దాని చేతికిచ్చి, "తేదీ వ్రాయుము, వానను రెంటితో భాగించి అన్ని చుక్కలు పెట్టుము" అని దాని భాషలో ఒక్క వాక్యము చెప్పిన చాలును. తేదీలను వరుసకు తెచ్చుటకు వేఱొక పరికరమున్నది. ఒకదానినుండి వెలువడినది మఱియొకదానిలోనికి, మడినుండి మడికి నీరు పాఱినట్లు పాఱును. యూనిక్సు అను వ్యవస్థలో ఈ కాలువను 1973లో త్రవ్విరి.

రెంటితోనే యేల భాగింపవలయును? తెర వెడల్పు సామాన్యముగా 80 అక్షరములు. 120 మిల్లీమీటర్ల వానకు 120 చుక్కలు పెట్టినచో పంక్తి తెగి క్రింద పడును. చూచువాడు దానిని మఱునాటి వానయని భ్రమించును. సగము చేసిన 60 చుక్కలు, సరిపోవును. అయితే ఒక్క మిల్లీమీటరు తుంపరకు చుక్కయే రాదు. కావున ప్రక్కన అంకెయు నుండవలయును.

ఇంతవఱకు బాగుగనే చేసితిని. చెడినది వేఱొక చోట.

2023 జూలై చివర మాకు గట్టి వానలు కురిసినవి. పిదప ఆగస్టు వచ్చినది. 1901 మొదలు దేశమున లెక్కించిన ఆగస్టులలో వాన మిక్కిలి తక్కువైనది ఆ నెలయే. అప్పుడు మా మేనమామ కంటి శుక్లము తీయించుకొని హైదరాబాదులో కుమార్తె యింట నుండెను. చేనికి బోరునీటి తడి యొకటి ఇయ్యవలయునా యని ఫోనులో నడిగెను. నేను చుక్కల పటమును పంపితిని. అక్షరములే గనుక జాబువలె క్షణములో చేరినది. ఆయనకు సన్నని అంకెలు కనబడలేదు, చుక్కల వరుసలు మాత్రము కనబడినవి. "వానలు వరుసగనే పడుచున్నవి, మోటారు వలదు" అని పాలేరునకు కబురు చేసెను.

నేను చేసిన తప్పేమన, వాన పడిన దినములనే పుస్తకమున వ్రాసితిని. పడని దినమునకు వ్రాయుటకేమున్నదని యనుకొంటిని! మాదిరికై కల్పించిన అంకెలతో అదెట్లుండెనో చూపెదను.

1వ దినము 30 ***************
2వ దినము 44 ********************** 
3వ దినము 20 ********** 
24వ దినము 8 **** 

వినువారికొఱకు చుక్కకొక తట్టు చొప్పున బల్లపై తట్టెదను. (తట్టుట.) నాలుగు వానలును ఒకదానివెంట నొకటి వచ్చినట్లే వినబడినవి గదా. ఇప్పుడు మూడవ వానకును నాల్గవ వానకును నడుమ, వానలేని దినమునకొక క్షణముగా ఊరకుండెదను. (ఇరువది క్షణముల మౌనము.)

మామ తిరిగివచ్చి చేనికి పోయెను. రేగడి నెఱ్ఱెలు విచ్చియున్నది. మిట్టవైపు మొక్కలు కొన్ని తలలు వాల్చినవి, కొన్ని మఱి లేవలేదు. సాయంకాలము మా యరుగుపై కూర్చుండి ఫోను తెఱచి నాముందుంచి, "అల్లుడా, చేన్ల నెర్రెలున్నయి. నీ చుక్కలల్ల నెర్ర యాడున్నది? వాన పడని దినాలు యాడబోయినయి?" అనెను. నాకు మాట రాలేదు.

ఆ రాత్రియే పని మార్చితిని. మొదట జూన్ ఒకటినుండి దినములన్నిటి పట్టికను కంప్యూటరుచేతనే వ్రాయించి, వాన పట్టికను దానితో జతపఱచి, జోడు దొరకని దినమునకు సున్న వేయించితిని. చుక్కలు లేని పంక్తులు బోసిగా ఒకదానిక్రింద నొకటి నిలిచినవి. అంతలో మఱియొక సందేహము పొడమినది. నేను ఊర లేక, పాత్ర చూడని దినములును కొన్ని కలవు. వానికిని సున్న వేసిన నది అబద్ధమే; వాన పడలేదనుట వేఱు, నేను చూడలేదనుట వేఱు. అట్టి దినములకు ప్రశ్నగుర్తు పెట్టించితిని.

ఇప్పుడు మామ ప్రతి ఆదివారము పటము తెప్పించుకొని, చుక్కలను విడిచి బోసి పంక్తులను వ్రేలితో లెక్కించును. మొన్న ఒకచోట వ్రేలు నిలిపి, "ఈ ప్రశ్నగుర్తు నాడు యాడికి బోయినవ్ అల్లుడా?" అని యడిగెను. తాండూరులో పెండ్లికి పోయితినని ఒప్పుకొంటిని.