పెరటి పనిముట్టు, గ్రంథాలయపు బల్ల
(రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



ఒక పల్లెలో ఇరువదియైదు సంవత్సరములు గ్రంథాలయపు తలుపులు తెరచి ఉంచుట సామాన్యమైన సంగతి కాదు. అందుకు మిమ్ములను అభినందించుటకే నన్ను పిలిచినారని ఎరుగుదును. అయితే ఆ పని నాకు ముందు మాటలాడిన పెద్దలు చక్కగా నెరవేర్చినారు. కనుక నేను మీ యెదుట ఒక తప్పు ఒప్పుకొని, ఒక కోరిక కోరి కూర్చుండెదను.

ఈ గ్రంథాలయము పుట్టిన నాటికి హైదరాబాదునకు వచ్చు విమానములు బేగంపేటలో దిగుచుండెడివి. 2008 మార్చి 23 నుండి అవి మన శంషాబాదులో దిగుచున్నవి. ఆ విమానాశ్రయము ప్రక్కనున్న పారిశ్రామిక వాటికలో స్కైరూట్ అను సంస్థ రాకెట్ల పని చేయుచున్నది. ఇస్రోలో పనిచేసి వచ్చిన పవన్ కుమార్ చందన, నాగ భరత్ డాకా అను ఇద్దరు దానిని 2018లో స్థాపించినారు. వారి విక్రమ్-ఎస్ 2022 నవంబరు 18న శ్రీహరికోట నుండి ఎగిరి దాదాపు 89 కిలోమీటర్ల ఎత్తు అందుకొన్నది. మన పొరుగున ఇంత పని జరుగుచున్నదన్న గర్వము నాకును కలదు. కాని రాకెట్టు మన యింటి చిక్కును తీర్చునది కాదు. నేను చెప్పదలచినది అంతకంటె చాల చిన్న వస్తువులను గూర్చి. పగలు పొట్టకూటి పని చేసికొని, రాత్రి పెరటిలో కూర్చుండి, తన యింటివారి బాధ ఒకటి తొలగించుటకు మనుష్యుడు చేయు వస్తువులను గూర్చి.

ఇట్టి వారిలో నాకు మొదట జ్ఞాపకము వచ్చువారు చింతకింది మల్లేశము గారు. వారిది ఆలేరు దగ్గరి శారాజిపేట. చదువు ఆరవ తరగతితో ఆగినది. వారి తల్లి లక్ష్మమ్మ గారు ఆసు పోయుచుండెడివారు. పోచంపల్లి చీర కట్టినవారు మనలో చాలమంది ఉన్నారు గాని, ఆసు పోయుట చూచినవారు కొద్దిమందియే యుందురు. అర్ధచంద్రాకారముగా నిలిపిన మేకులకును, వాని యెదుట నున్న ఒక్క మేకునకును నడుమ నూలు పోగును చేతితో అటునిటు తిప్పుచు పోవలెను. ఒక చీరకు చేయి తొమ్మిదివేల మారులు అట్లు తిరుగవలెను. దినమునకు రెండు చీరలైనచో పదునెనిమిదివేల మారులు. చీర ఒక్కింటికి నాలుగైదు గంటలు పట్టును. సాయంకాలమునకు భుజము పడిపోవును. రాత్రి నిద్రపట్టదు. మరునాడు మరల అదియే పని. తల్లి పడు ఈ బాధను చూడలేక ఆ బాలుడు, దీనికొక యంత్రము ఉండగూడదా అని తలచినాడు.

1992లో మొదలు పెట్టినారు. కొయ్యతో చట్రము కట్టినారు, చెడగొట్టినారు, మరల కట్టినారు. చేతి డబ్బు అయిపోయినది. అప్పులైనవి. ఊరివారు నవ్వినారు. పని సగములో నిలిచిపోగా హైదరాబాదునకు వచ్చి విద్యుత్తు పనులు చేసికొనుచు బ్రదికినారు. బాలానగరములో ఒక చోట పనికి పోయినప్పుడు, అక్కడ ఆడుచున్న ఒక యంత్రమును చూడగా, తనకు ఏండ్ల తరబడి చిక్కని కదలిక దానిలో కనబడినదట. 1999లో యంత్రము పూర్తియైనది. దానికి తల్లి పేరు పెట్టి లక్ష్మీ ఆసు యంత్రము అన్నారు. నాలుగైదు గంటల పని గంటన్నరకు వచ్చినది, భుజము నొప్పియు పోయినది. ఇప్పుడు వందల యిండ్లలో అవి ఆడుచున్నవి. 2017లో ప్రభుత్వము వారికి పద్మశ్రీ ఇచ్చినది. 2019లో వారి కథ చలనచిత్రముగా కూడ వచ్చినది. చూడనివారు చూడుడు.

రెండవ సంగతి మన ఊరి ముందరి రహదారి మీదిదే. బెంగుళూరునుండి హైదరాబాదునకు వచ్చు బస్సులు శంషాబాదు మీదుగానే కదా వచ్చుట! 2005 దీపావళికి బెంగుళూరులో ఉద్యోగము చేయుచున్న ఫణీంద్ర సామ అను మన నిజామాబాదు ప్రాంతపు యువకుడు ఇంటికి రావలెనని ఏజెంట్ల దుకాణములన్నియు తిరిగినాడు. టికెట్టు దొరకలేదు. ఏ బస్సులో ఎన్ని సీట్లు ఖాళీగా నున్నవో ఒక్క చోట తెలిసికొను ఉపాయమే ఆ దినములలో లేదు. పండుగ పూట గదిలో కూర్చుండి, దీనిని మనమే ఎందుకు సరిచేయరాదు అని ఆయన ఆలోచించినాడు. తనతో చదివిన చరణ్, సుధాకర్ అను మిత్రులను కలుపుకొన్నాడు. ఉద్యోగములు చేయుచునే, సెలవు దినములలో, బస్సు యజమానుల కొరకు కంప్యూటరులో ఒక ఏర్పాటు తయారుచేసినారు. ఉచితముగా ఇచ్చెదమన్నను యజమానులు పుచ్చుకొనలేదు! అప్పుడు వారు దారి మార్చి, యజమానులనుండి కొన్ని సీట్లు అడిగి తీసికొని తామే ప్రయాణికులకు అమ్మనారంభించినారు. 2006లో రెడ్‌బస్ అట్లు పుట్టినది. దానిని 2013లో మరియొక సంస్థ కొన్నది. 2018లో తెలంగాణ ప్రభుత్వము ఫణీంద్ర గారిని నూతన ఆవిష్కరణల ముఖ్యాధికారిగా నియమించినది.

ఒకరిది ఆరవ తరగతి, మరియొకరిది ఇంజనీరింగు పట్టము. ఇద్దరికిని తెలివి ఉన్నది, పట్టుదల ఉన్నది. ఆ రెండును గలవారు ప్రతి ఊరిలో ఉందురని నా నమ్మకము. మరి అందరి వస్తువులు ఏల బయటికి రావు? మల్లేశము గారి యంత్రమును గూర్చి లోకమునకు తెలియుటకు, ఊరూర కాలినడకన పోయి ఇట్టివారిని వెదకెడు పల్లె సృజన సంస్థ వంటివి తోడుపడినవి. సైన్యములో పనిచేసి వచ్చిన బ్రిగేడియరు గణేశము గారు దానికి పెద్ద. ఫణీంద్ర గారు తన వస్తువును మొదట చూపినచోట కాదనిపించుకొని, మరియొక చోట చూపినారు. అనగా చూపుటకు ఒక చోటును, చూచుటకు నలుగురును కావలెను. ఇక్కడనే నా తప్పు వచ్చుచున్నది.

చాల యేండ్ల క్రిందటి మాట. ఇది మీ ఊరు కాదు. ఆ గ్రంథాలయము పేరు చెప్పను, ఏలననగా దాని కార్యవర్గములో నేనును ఒకడను. ఆ ఊరిలో సైకిళ్ళు బాగుచేయు ఒకాయన ఉండెను. ఆయన భార్య కూరగాయల తోటలలో కలుపు తీయబోయెడిది. నడుము పట్టి లేవలేక యుండెడిది. ఆయన పాత సైకిలు చక్రమునకు, పిడికిని, ఒక ఇనుప పలుగును అతికి, నిలుచుండియే సాళ్ళ నడుమ త్రోసికొనిపోవు పనిముట్టు ఒకటి చేసినాడు. ఆదివారమునాడు గ్రంథాలయపు బల్ల మీద దానిని పెట్టి పదిమందికి చూపెదనని మమ్ము అడిగినాడు. మేము ఆలోచించినాము. ఇది పుస్తకములుండు చోటు, నూనె మరకల ఇనుప సామానులకు తగదు అని చెప్పి పంపినాము. చెప్పినవాడను నేనే. ఆయన ఏమియు అనలేదు. తల ఊపి, దానిని భుజము మీద పెట్టుకొని వెళ్ళినాడు.

కొన్ని సంవత్సరములకు హైదరాబాదులో ఒక వ్యవసాయ ప్రదర్శనకు పోయినాను. అచ్చముగా అట్టి సైకిలు కలుపు పనిముట్టు, ఎక్కడివారో చేసినది, అమ్మకమునకు ఉన్నది. చుట్టును రైతులు మూగియున్నారు. తిరిగివచ్చి తిన్నగా ఆయన దుకాణమునకు పోయినాను. ‘అదా? జాగా లేక పాత ఇనుము వానికి అమ్మినాను సారూ’ అన్నాడు. ఆయన భార్య లోపల కూర్చుండి యున్నది. ఆమె నడుము సంగతి అడుగుటకు నాకు నోరు రాలేదు.

మేమన్నది ఎంత తెలివితక్కువ మాటయో చరిత్ర తెలిసినవారికి చెప్పనక్కరలేదు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును నెలకొల్పినవారిలో ఒకరైన కొమర్రాజు లక్ష్మణరావు గారే 1906లో విజ్ఞాన చంద్రికా మండలికిని ప్రాణమైనారు. ఆ మండలి చరిత్రలతోపాటు ప్రకృతి శాస్త్రములను తెలుగువారి చేతికి పుస్తకములుగా ఇచ్చినది. గ్రంథాలయము పని చేతులకు దూరముగా ఉండవలెనని ఆ పెద్దలు ఎన్నడును తలచలేదు.

కావున నా కోరిక ఇది. నెలకొక ఆదివారము ఈ వరండాలో ఒక బల్ల వేయుడు. ఊరిలో ఎవరు ఏమి చేసినను, అది పాల క్యాను మూత కానిండు, ఫోనులో నడచు లెక్కల పద్దు కానిండు, తెచ్చి పెట్టుడు. చూచువారు నవ్వవద్దు. అడుగుడు, వాడి చూడుడు, ఎక్కడ చెడినదో చెప్పుడు. పనికివచ్చునని తోచిన దానిని 2019 నుండి ప్రభుత్వము జరుపుచు వచ్చిన ఇంటింటా ఇన్నోవేటర్ ప్రదర్శనల వంటి వానికి పంపవచ్చును. నమూనా సరిగా చేసికొనుటకు 2023లో రాయదుర్గమున టి-వర్క్స్ అను పెద్ద కర్మశాల కూడ తెరచినారు.

ఒక జాగ్రత్త మాత్రము చెప్పవలెను. తన వస్తువునకు పేటెంటు కావలెనను కోరిక ఉన్నవారు దానిని నలుగురి ముందు పెట్టుటకు మునుపే దరఖాస్తు ఇచ్చుకొనవలెను. ముందే బహిరంగమైన దానిని క్రొత్తది కాదని త్రోసివేయు అవకాశము ఉన్నది. మొదట తాత్కాలికపు దరఖాస్తు ఇచ్చి, పండ్రెండు నెలలలో పూర్తి వివరము ఇచ్చుటకు చట్టము అనుమతించుచున్నది. పల్లె సృజన వారిని, జాతీయ నవకల్పన ప్రతిష్ఠానము వారిని ఈ విషయమున సలహా అడుగవచ్చును. కార్యదర్శి గారు ఈ నాలుగు ముక్కలు పెద్ద అక్షరములతో వ్రాయించి బల్ల ప్రక్కన అంటించవలెను.

నేను ఈ మాట ముందుగానే వ్రాసి పంపితిని గనుక వారు ఈ దినమే బల్ల వేయించినారు. వచ్చునప్పుడు చూచితిని, మూడు వస్తువులున్నవి. రెండింటి సంగతి తెలిసినది. మూడవది దేనికో నాకు అర్థము కాలేదు. దాని యజమానురాలు వెనుక వరుసలో కూర్చుండి నవ్వుచున్నది. సభ ముగిసిన తోడనే పోయి ఆమెను అడుగవలెను.