పడవలోంచి చూసిన చికాగో
(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)

 

అమెరికా నుంచి వచ్చాను కాబట్టి అక్కడి విశేషాలు ఏవైనా చెప్పమన్నారు కార్యదర్శిగారు. ఉద్యోగ విరమణ తర్వాత నేనూ మా ఆవిడా ఒక చిన్న పడవలో తిరుగుతున్నాం. ఇద్దరికి పడక, ఒక స్టవ్వు, బియ్యం డబ్బా పెట్టుకునేంత చోటు, అంతే. ఆ పడవలో వెళ్లి చికాగోలో మూడు రోజులు ఆగాం. ఆ మూడు రోజుల సంగతి చెబుతాను. చివర్లో మన ఊరి గురించి ఒక మాట అడుగుతాను.

అమెరికా తూర్పు సగాన్ని పడవలో చుట్టి రావచ్చు. అట్లాంటిక్ తీరం, న్యూయార్క్ కాలువలు, మహా సరస్సులు, ఇల్లినాయి, మిసిసిపీ నదులు, ఫ్లోరిడా, మళ్లీ అట్లాంటిక్. దీన్ని గ్రేట్ లూప్ అంటారు. సుమారు 6,000 మైళ్లు. చేసేవాళ్లలో మాలాంటి రిటైరైన దంపతులే ఎక్కువ. సరస్సు వదిలి నదుల దారి పట్టేది చికాగో దగ్గరే కాబట్టి చాలామంది అక్కడ ఆగుతారు.

సరస్సు అన్నానని మన పెద్ద చెరువును ఊహించుకోకండి. మిషిగన్ సరస్సు వైశాల్యం సుమారు 58,000 చదరపు కిలోమీటర్లు. అంటే తెలంగాణలో సగం కంటే కొంచెం ఎక్కువ. అవతలి ఒడ్డు కనపడదు, అలలు సముద్రంలాగే వస్తాయి. నీళ్లు మాత్రం తియ్యగా ఉంటాయి.

మేం పడవ కట్టుకున్న రేవు పేరు డ్యూసేబుల్ హార్బర్. 18వ శతాబ్దం చివర్లో ఈ నది ఒడ్డున ఇల్లు కట్టుకుని వ్యాపారం చేసిన నల్లజాతి వ్యక్తి జాన్ బాటీస్ట్ పాయింట్ డ్యూసేబుల్ పేరది. పడవ దిగి పది నిమిషాలు నడిస్తే మిలీనియం పార్కు. అక్కడ అందరూ ఫొటోలు దిగే చిక్కుడు గింజ ఆకారపు ఉక్కు శిల్పం ఉంది. చేసిన శిల్పి అనీష్ కపూర్ పుట్టింది బొంబాయిలో. కొంచెం దక్షిణంగా వెళితే ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్. 1893 సెప్టెంబరు 11న వివేకానందస్వామి సర్వమత సభలో మాట్లాడింది ఆ భవనంలోనే. దానికి ఏడు నెలల ముందు ఆయన సికింద్రాబాద్ మహబూబ్ కాలేజీలో ప్రసంగించారు. ఆ మెట్ల మీద నిలబడితే మనవాళ్లకు ఎవరికైనా ఒళ్లు పులకరిస్తుంది.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మాత్రం భవనాలు కాదు, భవనాలు లేని జాగా. అంత ఖరీదైన నగరం నడిబొడ్డున, మిషిగన్ అవెన్యూకీ సరస్సుకీ మధ్య గ్రాంట్ పార్కు ఖాళీగా పచ్చగా ఉంటుంది. ఆకాశాన్నంటే మేడలన్నీ రోడ్డుకు అవతలి పక్కనే ఆగిపోయాయి. ఒడ్డు వెంట 29 కిలోమీటర్ల నడక దారి ఉంది, ఎవరైనా నడవొచ్చు. ఇది ఎలా సాధ్యమైంది?

1836లో అక్కడ కాలువ తవ్వకం కోసం ప్లాట్లు అమ్మారు. అమ్మిన కమిషనర్లు తమ పటం మీద ఒడ్డు జాగా దగ్గర ఒక వాక్యం రాశారు. ఇది ప్రజల ఉమ్మడి స్థలం, ఇక్కడ ఎన్నడూ ఏ కట్టడమూ రాకూడదు అని దాని సారాంశం. 1871 అగ్నిప్రమాదంలో నగరం కాలిపోయినప్పుడు శిథిలాలను తెచ్చి సరస్సులో పోశారు. ఒడ్డు పెరిగింది. జాగా పెరిగేసరికి దాని మీద కళ్లూ పెరిగాయి. షెడ్లు వేశారు, చెత్త పోశారు, పెద్ద భవనాలకు ప్లాన్లు గీశారు.

అప్పుడు ఆరన్ మాంట్‌గోమరీ వార్డ్ అనే వ్యాపారి కోర్టుకెక్కాడు. పోస్టులో సరుకులు పంపే వ్యాపారం ఆయనది. ఆయన ఆఫీసు ఆ జాగాకు ఎదురుగానే ఉండేది. ఆయన చేతిలో ఉన్న ఆధారం ఆ పాత పటం మీది వాక్యమే. 1890లో మొదలైన వ్యాజ్యాలు 1911 దాకా నడిచాయి. అభివృద్ధికి అడ్డుపడుతున్నాడని ఊరంతా తిట్టింది. అక్కడ కట్టాలనుకున్నది ఒక మ్యూజియం, మంచి పనే కదా అని పెద్దవాళ్లే అన్నారు. ఆయన వినలేదు, గెలిచాడు. ఆ ఫీల్డ్ మ్యూజియం తర్వాత దక్షిణాన వేరే చోట లేచింది. మేం అదీ చూశాం, మహా గొప్పగా ఉంది. మ్యూజియమూ మిగిలింది, ఒడ్డూ మిగిలింది.

మూడో రోజు ఉదయం లాకులు దాటి నదిలోకి వెళ్లాం. ధవళేశ్వరం లాకులు చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. సరస్సు మట్టం నది కంటే కొన్ని అడుగులు ఎక్కువ. పడవను గదిలో ఉంచి మెల్లగా దించుతారు. అంటే మేం సరస్సులోంచి నదిలోకి దిగుతున్నాం. ఒకప్పుడు ఆ నది సరస్సులోకి పారేది! ఊరి మురుగంతా నదిలోకి, నది సరస్సులోకి, తాగేది ఆ సరస్సు నీళ్లే. జబ్బులు భరించలేక 28 మైళ్ల కాలువ తవ్వి, 1900 జనవరిలో నదినే వెనక్కి తిప్పారు. చికాగో నీళ్లు బాగుపడ్డాయి. దిగువనున్న మిస్సోరీ రాష్ట్రం మాత్రం మీ మురుగు మా మీదికా అని సుప్రీంకోర్టుకు వెళ్లింది. రుజువు చాలలేదని 1906లో కేసు పోయింది. గొలుసుకట్టు చెరువుల కింద పెరిగిన మనకు ఈ తగువు తెలియనిది కాదు. పై చెరువు మత్తడి దూకితే ఏం వస్తుందో కింది ఊరివాళ్లనే అడగాలి.

ఇక నా మాట. మనలో సగం మంది చెరువు కట్ట మీద నడిచి ఈ బడికి వచ్చినవాళ్లమే. నిన్న కట్ట మీద నిలబడి చూశాను. శిఖంలో ఇళ్లున్నాయి. ఎవరు కట్టారు, ఎవరు ఊరుకున్నారు అని నేను అడగటం లేదు. ఆ ఇళ్లలో మన బంధువులూ ఉండొచ్చు. మిగిలిన చెరువు ఎంతో, దాని హద్దు ఎక్కడో మన పిల్లలకు తెలియాలి అంటున్నాను.

స్వర్ణోత్సవ నిధిలో కొంత తీసి, గ్రామ నక్షలోని చెరువు భాగానికి ధ్రువీకరించిన నకలు తెప్పిద్దాం. అద్దం కట్టించి ఈ బడి గోడకు పెడదాం. ఏడాదికొకసారి తొమ్మిదో తరగతి పిల్లలు సార్లతో కలిసి వెళ్లి హద్దురాళ్లు లెక్కపెట్టి రావాలి. ఖర్చు మన ఈ షామియానా ఖర్చంత ఉండదు. దీనికి మొదటి చందా నాది. కార్యదర్శిగారికి ఇందాకే ఇచ్చేశాను, రసీదు రాయించుకోవడమే మిగిలింది.