టెలికాం చట్టం-2023: కేంద్రం, రాష్ట్రం, పంచాయతీ

రాజ్యాంగం ఏడవ షెడ్యూలులోని కేంద్ర జాబితాలో 31వ అంశంగా తపాలా, తంతి, టెలిఫోన్లు, వైర్‌లెస్, ప్రసారాలు ఉండగా, రాష్ట్ర జాబితాలో 18వ అంశంగా భూమి, 49వ అంశంగా భూములపైనా భవనాలపైనా విధించే పన్నులు ఉన్నాయి. గాలిలో సాగే తరంగంపై అధికారం కేంద్రానిది. ఆ తరంగాన్ని పంపే టవరు నిలిచే నేల విషయం రాష్ట్రానిది, అక్కడి స్థానిక సంస్థది. టెలికాం నియంత్రణలో ఇటీవల వచ్చిన పెద్ద మార్పుల వల్ల తెలంగాణలోని మహబూబాబాద్ జిల్లా గూడూరు వంటి మండలానికి ఏం ఒరుగుతుందో, ఏం పోతుందో తేలేది ఈ సరిహద్దు దగ్గరే.

2023 డిసెంబరు 24న రాష్ట్రపతి ఆమోదం పొంది, 2024 జూన్ 26 నుంచి దశలవారీగా అమలులోకి వస్తున్న టెలికమ్యూనికేషన్ల చట్టం, 1885 నాటి తంతి చట్టానికీ 1933 నాటి వైర్‌లెస్ చట్టానికీ బదులుగా వచ్చింది. దేశంలో తంతి సేవ 2013 జూలైలోనే ఆగిపోయినా, సెల్‌ఫోన్ల యుగాన్ని మరో పదేళ్లపాటు తంతి చట్టమే ఏలిందన్న సంగతి ఇక్కడ గుర్తుంచుకోదగ్గది. లైసెన్సు అనే పాత పద్ధతి స్థానంలో ‘ఆథరైజేషన్’, అంటే కేంద్రం నియమాల ద్వారా నిర్దేశించే షరతులతో ఇచ్చే అనుమతి, ఉండాలని కొత్త చట్టం చెబుతోంది. స్పెక్ట్రమ్‌ను, అంటే సంకేతాలు ప్రయాణించే రేడియో తరంగాల శ్రేణిని, ఉపగ్రహ సేవల వంటి కొన్ని మినహాయింపులు పోగా వేలం ద్వారానే కేటాయించాలని కూడా నిర్దేశించింది. 2012 ఫిబ్రవరి 2న సుప్రీంకోర్టు, వేలం లేకుండా ఇచ్చిన 122 టూజీ లైసెన్సులను రద్దు చేసిన తరువాత ఈ విషయంలో స్పష్టత తప్పనిసరి అయింది.

అయితే గ్రామ పంచాయతీకి నేరుగా తగిలే భాగం వేరే ఉంది. అది ‘రైట్ ఆఫ్ వే’, అంటే కేబుల్ వేయడానికీ టవరు నిలపడానికీ ఇతరుల స్థలాన్ని వాడుకునే హక్కు. దీనికి సంబంధించిన కొత్త నియమాలు 2025 జనవరి 1 నుంచి అమలులో ఉన్నాయి. ప్రైవేటు స్థలం విషయంలో యజమానితో కంపెనీ ఒప్పందం కుదుర్చుకోవాలి గాని, యజమాని ఒప్పుకోకపోయినా ప్రజాప్రయోజనం దృష్ట్యా అవసరమని భావిస్తే కేంద్రమే అనుమతించవచ్చు. ఇంతకన్నా లోతైన మార్పు 14వ సెక్షన్‌లో ఉంది. ఒక స్థలంలో నెలకొల్పిన టెలికాం నెట్‌వర్క్‌ను ఆ స్థలం నుంచి వేరుగా చూడాలనీ, ఆ ఆస్తిపై వేసే పన్ను, సెస్సు, రుసుముల లెక్కలోనూ దాన్ని ఆస్తిలో భాగంగా పరిగణించరాదనీ ఆ సెక్షన్ సారాంశం.

దీని బరువు తెలియాలంటే 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును పక్కన పెట్టుకుని చదవాలి. గుజరాత్ మునిసిపాలిటీలు సెల్ టవర్లపై ఆస్తిపన్ను వేయగా తలెత్తిన ఆ వివాదంలో, మనుషులు కాపురముండేదే భవనం కానక్కరలేదనీ, టవరు కూడా 49వ అంశంలోని ‘భవనం’ కిందికి వస్తుందనీ, కాబట్టి దానిపై పన్ను వేసే అధికారం రాష్ట్రానికి ఉందనీ కోర్టు తేల్చింది. నాలుగు ఇనుప కాళ్లు, అడుగున సిమెంటు దిమ్మెలు, పక్కన బ్యాటరీలు, జనరేటరు ఉన్న కట్టడాన్ని రాజ్యాంగం దృష్టిలో భవనమని న్యాయస్థానం అన్న ఏడేళ్లకు, అది నిలిచిన ఆస్తితో దానికి సంబంధం లేదని పార్లమెంటు అన్నది. రాజ్యాంగం రాష్ట్రానికిచ్చిన పన్ను అధికారాన్ని కేంద్ర చట్టంలోని ఒక నిర్వచనం కుదించగలదా అన్నది సమాఖ్య వ్యవస్థకు సంబంధించిన అసలు ప్రశ్న. పన్ను రాబడి మార్గాలు మొదటే తక్కువగా ఉన్న చిన్న పంచాయతీల నుంచి, వాటితో సంప్రదించకుండా, ఒక మార్గాన్ని తప్పించడం న్యాయం కాదు.

ఇదే చట్టం ఇచ్చినదీ ఉంది. కంపెనీల సవరించిన స్థూల ఆదాయం నుంచి 5 శాతం చొప్పున వసూలయ్యే సార్వత్రిక సేవా నిధి ఇప్పుడు ‘డిజిటల్ భారత్ నిధి’గా మారింది. వ్యాపార లెక్కన టవరు గిట్టుబాటు కాని పల్లెలకు సిగ్నల్ చేర్చడం దాని పని. పాకాల అడవికి ఆనుకుని ఉన్న గూడూరు, కొత్తగూడ, గంగారం మండలాల వంటి చోట్లకే ఆ నిధి ఉద్దేశించినది. అయితే అటవీ భూమిలో టవరుకు అటవీ చట్టం కింద మరో అనుమతి కావాలి గనుక, నిధి ఉన్నంత మాత్రాన పని జరగదు. ఇక్కడ రాష్ట్రం చేయి కలపనిదే కేంద్రం అడుగు ముందుకు పడదు. తెలంగాణలో మిషన్ భగీరథ మంచినీటి పైపుల కోసం తవ్విన కందకాల్లోనే రాష్ట్ర బ్రాడ్‌బ్యాండ్ పథకమైన టీ-ఫైబర్ కేబుల్ గొట్టాలను వేయడం ఇందుకు మంచి ఉదాహరణ: కేబుల్ ఖర్చులో పెద్ద వాటా తవ్వకానిదే కాబట్టి, రాష్ట్రం తవ్విన కందకం పల్లెలకు సిగ్నల్ చేర్చే కేంద్ర ప్రయత్నానికి పెట్టుబడితో సమానం. అలా పెట్టుబడి పెట్టిన రాష్ట్రానికి నియమాల రూపకల్పనలో సంప్రదింపుల హక్కు కూడా ఉండాలి. 2014లో రాష్ట్రం విడిపోయినా మొబైల్ సేవల లైసెన్సు పరిధిలో తెలంగాణ నేటికీ ‘ఆంధ్రప్రదేశ్ సర్కిల్’లోనే ఉండడం, ఆ సంప్రదింపులు ఎంత అరుదో చెబుతుంది.

కొత్త చట్టం ప్రకారం ‘రైట్ ఆఫ్ వే’ వివాదాలను పరిష్కరించే అధికారం జిల్లా మేజిస్ట్రేటుకు, అంటే ఇక్కడ మహబూబాబాద్ కలెక్టరుకు ఉంది. నష్టపరిహారం వివాదాలు జిల్లా జడ్జి ముందుకు పోతాయి. టవరు కోసం దరఖాస్తు వచ్చిన రోజునే గ్రామ పంచాయతీ తన అభ్యంతరాలను, షరతులను తీర్మానంగా రాసిపెట్టుకోవాలి; నియమాల్లోని గడువులోగా జవాబు ఇవ్వకపోతే అనుమతి ఇచ్చినట్లే లెక్క.