ఎత్తబడేది శ్రమలకు ముందా, తర్వాతా?

క్రీస్తు రాకడలో విశ్వాసులు మేఘాల్లోకి ఎత్తబడతారని థెస్సలొనీకయులకు రాసిన మొదటి పత్రికలో పౌలు చెప్పాడు. ఎప్పుడన్నదే పేచీ. లోకాంతంలో వస్తాయనే మహాశ్రమల కాలానికి ముందేనని 1830లలో జాన్ నెల్సన్ డార్బీ బోధించారు. ఇంగ్లండ్‌లోని ప్లీమత్‌లో, బ్రదరెన్ అనే క్రైస్తవ సమాజంలో ఆయన తోటి బోధకుడు బెంజమిన్ న్యూటన్ ఒప్పుకోలేదు. మత్తయి 24లో శ్రమ తర్వాతే కదా దూతలు ఏర్పరచబడినవారిని పోగుచేసేది అని ఆ పక్షం వాదన. అవి యూదులనుద్దేశించిన మాటలంటుంది డార్బీ పక్షం. 1845లో ఇద్దరూ తెగతెంపులు చేసుకున్నారు, కారణం ఇదొక్కటే కాదులెండి.

1909లో స్కోఫీల్డ్ బైబిలు అచ్చయింది. పేజీ అడుగున వ్యాఖ్యలతో, డార్బీ పేరు వినని ఇళ్లకూ ఆయన బోధ చేరింది.

పౌలు ఆ మాటలు రాసింది మాత్రం, అయినవాళ్లు చనిపోయి దుఃఖిస్తున్నవారిని ఓదార్చడానికి. మహాశ్రమలు ఏడేళ్లన్న లెక్క అక్కడ లేదు. దాన్ని దానియేలు తొమ్మిదో అధ్యాయం నుంచి తెచ్చి కలిపారు.