విత్తనం ముందు, విస్తరణ తరువాత
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

మేము పాఠం చెప్పేది ఉర్దూలో. తెలుగులో ప్రసంగమంటే కొంచెం జంకు. మాటల్లో తప్పులు దొర్లితే మన్నించి, విషయం మాత్రం పట్టించుకోండి.

ఈ మధ్య మన పిల్లల నోట స్టార్టప్ అనే మాట తరచు వినబడుతోంది. కిందటేడు మా పాత విద్యార్థి ఒకడు వచ్చి, "సార్, నాకు ఉద్యోగం వద్దు. స్టార్టప్ పెడతాను. అరెకరం అమ్మమని అబ్బాకు మీరు చెప్పండి" అన్నాడు. మిర్చి యార్డుకు టిక్కీలు తోలే చిన్న రైతులను నలుగురైదుగురిని ఒకే బండికి కుదర్చాలని వాడి ఆలోచన. వాడికి చెప్పిన జవాబే మీకూ మనవి చేస్తున్నాము.

వ్యాపారం మన కొండవీటికి కొత్త కాదు. 1358లో అనపోత రెడ్డి మోటుపల్లి రేవుకు వచ్చే వర్తకులకు సుంకాలు తగ్గించి శాసనం వేయించాడు. కుమారగిరి రెడ్డి వసంతోత్సవాలకు సుగంధద్రవ్యాలు సమకూర్చిన అవచి తిప్పయ్య సెట్టికి శ్రీనాథుడు హరవిలాసం అంకితమిచ్చాడు. కొనేవాడికి ఏమి కావాలో కనిపెట్టడం సెట్టిగారి తెలివి.

మన కాలపు సంగతి చూడండి. నిజామాబాదు జిల్లావాడు ఫణీంద్ర సామా బెంగుళూరులో ఉద్యోగం చేసేవాడు. 2005 దీపావళికి ఇంటికి పోదామంటే బస్సు టిక్కెట్టు దొరకలేదు. ఏ బస్సులో ఎన్ని సీట్లు ఖాళీయో ఏ ఒక్క ఏజంటుకూ పూర్తిగా తెలియదు. అతడు, సుధాకర్ పసుపునూరి, చరణ్ పద్మరాజు కలసి 2006లో రెడ్‌బస్ మొదలుపెట్టారు. ముందు బస్సు యజమానులకు, ఏజంట్లకు సాఫ్ట్‌వేర్ ఇద్దామనుకున్నారు. ఎవరూ తీసుకోలేదు. అదే పట్టుకుని కూర్చోక, తామే టిక్కెట్లు అమ్మసాగారు. 2007లో సీడ్‌ఫండ్ పెట్టుబడి పెట్టింది. 2013లో ఐబిబో సంస్థ రెడ్‌బస్‌ను కొనుక్కుంది.

ఇందులో రెండు పాఠాలున్నాయి. తోవ మూసుకుంటే తోవ మార్చుకోవాలి గాని, గమ్యం మార్చుకోరాదు. ఇది మొదటిది. బిర్యానీ హోటలు వాడు నూరు ప్లేట్లు ఎక్కువ అమ్మాలంటే ఆ మేరకు బియ్యం, మాంసం కొనాలి. కంప్యూటరు మీద నూరు టిక్కెట్లు ఎక్కువ అమ్మితే ఖర్చు అంతగా పెరగదు. కాబట్టి అన్ని వ్యాపారాలూ ఒకే తీరున పెరగవు. తనది ఏ తీరో తెలుసుకునే అడుగు వేయాలి. ఇది రెండవది.

ఈ మాట మేము అనుభవం మీద అంటున్నాము. కొన్నేళ్ళ క్రితం మేమూ, మా స్నేహితులిద్దరూ కలసి కారం ప్యాకెట్ల వ్యాపారం పెట్టాము. మొదటి రోజే ఐదువేల రంగు కవర్లు అచ్చు వేయించాము. కారం బాగుంది, కవరు బాగుంది. కాని మన పల్నాట ఇంటింటా మిరపకాయలు కొని మర పట్టించుకుంటారాయె, ప్యాకెట్టు ఎవరు కొంటారు? ముందుగా పది ఇళ్ళు అడిగితే తెలిసేది. మా ఇంట్లోవాళ్ళ గాజులు బ్యాంకు నుంచి విడిపించడానికి రెండేళ్ళు పట్టింది. ఆ కవర్లలో ఇప్పటికీ పప్పులు పోసుకుంటున్నాము.

ఇక పెట్టుబడి సంగతి. వడ్డీ అప్పు కొత్త వ్యాపారానికి ఉరితాడు. అమ్మకం ఉన్నా లేకున్నా వడ్డీ ఆగదు. మన పెద్దలు ముజారబత్ అన్నారు. ఒకరి సొమ్ము, మరొకరి శ్రమ. లాభం ముందు ఒప్పుకున్న పాళ్ళలో పంచుకోవాలి. నష్టమొస్తే ఇతడికి సొమ్ము పోతుంది, అతడికి శ్రమ పోతుంది. మన సంఘం ఏటా ఒకరిద్దరు పిల్లలకైనా ఈ పద్ధతిన కొద్ది మొత్తం ఇచ్చి, నెలనెలా లెక్క చూడాలని మా మనవి. కొన్నవాళ్ళు మళ్ళీ వస్తేనే రెండవ విడత ఇవ్వాలి.

ఆ పిల్లవాడికి పొలం అమ్మవద్దన్నాము. "ఒక నోటుపుస్తకం, నీ చేతిలో ఫోను, ఒక్క ఊరు. ఈ సీజను అంతే చాలు" అన్నాము. ముఖం ముడుచుకున్నా, చేశాడు. పదకొండు మంది రైతుల సరుకు చేర్చాడు. ఏడుగురు మళ్ళీ వాళ్ళంతట వాళ్ళే ఫోను చేశారట. సంతోషంగా వచ్చి చెప్పాడు. "భేష్! ఆ మిగతా నలుగురూ ఎందుకు పిలవలేదో కనుక్కుని రా" అని పంపాము. అరెకరం ఇంకా వాళ్ళ అబ్బా పేరనే ఉంది.

ఖుదా హాఫిజ్.