గోడలో గాడి కోయు యంత్రము: పంచాయతీ బాధ్యత

(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



పంచాయతీ కార్యాలయమునకైనను, పాఠశాలకైనను, అంగన్‌వాడీ భవనమునకైనను విద్యుత్తు తీగలను ఇప్పుడు గోడలోపలనే అమర్చుచున్నారు. గోడలో గాడి తీసి, గొట్టము పొదిగి, పైన సిమెంటు పూయుదురు. పూర్వము ఈ గాడిని ఉలి, సుత్తి పట్టి దినముల తరబడి కొట్టెడివారు. ఇప్పుడు యంత్రము వచ్చి ఆ పనిని గంటలలో ముగించుచున్నది. ఈ వేగమునకు నేను వ్యతిరేకిని కాను. దానితో వచ్చిన అపాయమును గురించి నాలుగు మాటలు చెప్పుటకే మీ యెదుట నిలిచితిని.

ఒక గ్రామములో పాఠశాల పని తనిఖీకి వెళ్ళినప్పుడు నేను చూచినది వినుడు. తలుపు తెరవగానే మనుష్యులు కనబడలేదు. తెల్లని దుమ్ము మాత్రమే కనబడినది. యంత్రము పట్టిన యువకుడు ముఖమునకు తువాలు చుట్టుకొని యుండెను. ఒక కూలితల్లి చీరకొంగు నోటికడ్డము పెట్టుకొని పొడి చీపురుతో ఊడ్చుచుండెను. ప్రక్కగదిలో పిల్లలు పాఠము చదువుచుండిరి. కంట్రాక్టరును అడుగగా, దుమ్ము పీల్చు యంత్రమునకు అంచనాలో సొమ్ము లేదనెను. ఆ అంచనాను ఆమోదించినది పంచాయతీ. దానిపై సంతకము చేసిన వారిలో నేనును ఒకడను. ఆ ప్రశ్న ముందుగా అడుగనందుకు నేటికిని చింతించుచున్నాను.

ముందు యంత్రమును గురించి. పనివారు దీనిని వాల్ కటింగ్ మిషను అందురు. ఇందులో వజ్రపుపొడి అద్దిన రెండు ఉక్కు బిళ్ళలు ప్రక్కప్రక్కన తిరుగుచు గోడలో రెండు గీతలు కోయును. నడుమ మిగిలిన ఇటుకను ఉలితో తీసివేయుదురు. సాధారణముగా బిళ్ళ అడ్డుకొలత 125 లేక 150 మిల్లీమీటర్లుండును; నిమిషమునకు వేలకొలది చుట్లు తిరుగును.

అన్నిటికంటె పెద్ద అపాయము దుమ్ము. ఇటుక, ఇసుక, కాంక్రీటులలో సిలికా కలదు. తల వెంట్రుక మందములో పదవ వంతు కూడ లేని దాని రేణువులు ఊపిరితిత్తుల లోతునకు చేరి అచటనే నిలిచిపోవును. దానివలన కలుగు వ్యాధి సిలికోసిస్. దీనిని మాన్పు మందు లేదు. ఇది సోకినవారికి క్షయ వచ్చు అవకాశము కూడ హెచ్చును. మధ్యప్రదేశ్‌లోని మంద్‌సౌర్ ప్రాంతమున పలకలపై వ్రాయు బలపములు కోయు పరిశ్రమ కలదు. అచటికి విద్యుత్తు రంపములు వచ్చిన పిమ్మట దుమ్ము పెరిగి, ఎందరో పనివారు చిన్న వయసుననే ఈ వ్యాధి పాలైరి. పిల్లల చదువునకై బలపము కోసినవారికి పట్టిన గతి, పిల్లల బడికి గోడ కోయువారికి పట్టరాదు.

కనుక యంత్రమునకు దుమ్ము పీల్చు గొట్టమును, వాక్యూమ్ యంత్రమును తగిలించియే పని చేయవలెను. తువాలు, చీరకొంగు ఈ దుమ్మును ఆపలేవు. ఎన్-95 లేక అంతకు మించిన మాస్కు ముఖమునకు బిగుతుగా అంటి యుండవలెను. గడ్డము పెరిగియున్నచో సందులుండి ప్రయోజనము తగ్గును. కండ్లకు అద్దములు, చెవులకు బిరడాలు తప్పనిసరి. పొడి చీపురు వాడరాదు. యంత్రపు ప్లగ్గు తీసిన పిమ్మట తడిగుడ్డతో తుడువవలెను. దుమ్ము అణచుటకు కోత సమయమున నీరు చల్లుట మరియొక అపాయము. నీటితో పనిచేయుటకై నిర్మింపబడని యంత్రమున నీరు చేరినచో విద్యుత్తు తగులును.

రెండవది విద్యుత్తు. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. ద్వారానే యంత్రమునకు కరెంటు ఇయ్యవలెను. తీగ చిట్లినచో టేపు చుట్టి సరిపెట్టరాదు, మార్పింపవలెను. పాత భవనమైనచో, గోడలో ఇదివరకే తీగలు, నీటి గొట్టములు ఎచట పోవుచున్నవో ముందుగా కనుగొని, ఆ తీగలకు కరెంటు నిలిపివేయవలెను.

మూడవది బిళ్ళ. బిళ్ళపై వ్రాసిన గరిష్ఠ వేగము యంత్రపు వేగమునకు తక్కువ కారాదు. పగిలిన, వంగిన బిళ్ళను పారవేయవలెను. గార్డు తీసి పని చేయువానిని వెంటనే ఆపుడు. యంత్రమును రెండు చేతులతో పట్టి, తిన్నగా, దానిపై గుర్తించిన దిశలోనే నడుపవలెను. గాడిలో మెలిపెట్టినచో బిళ్ళ బిగిసి, యంత్రము మనిషిపైకి ఎగురును. బిళ్ళ పూర్తిగా ఆగిన తరువాతనే క్రింద పెట్టవలెను. ప్లగ్గు తీసిన తరువాతనే బిళ్ళ మార్చవలెను.

గోడ క్షేమము కూడ చూడవలెను. నిలువు గాడి లోతు గోడ మందములో మూడవ వంతును, అడ్డ గాడి లోతు ఆరవ వంతును మించరాదు. తొమ్మిది అంగుళముల గోడలో నిలువునకు మూడు, అడ్డమునకు ఒకటిన్నర అంగుళములు హద్దు. నాలుగున్నర అంగుళముల గోడలో అడ్డ గాడికి ముప్పాతిక అంగుళమే హద్దు. 25 మిల్లీమీటర్ల గొట్టము అందులో ఇమడదు. అట్టి గోడలో అడ్డ గాడి వలదు. కాంక్రీటు స్తంభములను, దూలములను ఇంజనీరు అనుమతి లేనిదే ముట్టరాదు.

యంత్ర పోషణ కష్టము కాదు. పని ముగియగనే గాలిరంధ్రములలోని దుమ్మును వాక్యూముతో తీయవలెను. కార్బన్ బ్రష్షులు అరిగినచో రెండింటిని ఒకేసారి మార్చవలెను. వాక్యూము సంచి నిండకముందే ఖాళీ చేయవలెను; ఆ సమయమునను మాస్కు ఉండవలెను.

ఇక మన వంతు. అంచనా సభకు వచ్చినప్పుడు ఈ ప్రశ్నలు వేయుడు: దుమ్ము పీల్చు యంత్రము చేర్చితిరా? మాస్కులు ఎన్ని? ఆర్.సి.సి.బి. ఉన్నదా? బడి సెలవు దినములలోనే పని జరుగునా? సమాధానములు తీర్మానములో వ్రాయించుడు. పని నాడు ఒక సభ్యుడు వెళ్ళి చూచి రావలెను. వీటి వ్యయము అంచనాలో ఒక చిన్న పంక్తి. ఆ పంక్తిని కొట్టివేసి మిగిల్చిన సొమ్ము పొదుపు కాదు. ఒక కూలి కుటుంబము తన ఊపిరితో తీర్చవలసిన అప్పు.

ఆ పాఠశాలలో నేడు దీపములు వెలుగుచున్నవి. ఆ యువకుడు, ఆ తల్లి ఎంత దుమ్ము పీల్చిరో ఎవరును కొలువలేదు. మీ గ్రామములో ఆ దుమ్మును లోపలికి పోకముందే ఆపుడని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.