జ్వరంతో వచ్చిన బిడ్డ: తల్లి మాట కూడా పరీక్షలో భాగమే

(తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పిల్లల వార్డులో పనిచేసే మేము ఈనాడు మా పొరపాటు ఒకటి చెప్పి ప్రసంగం మొదలుపెడతాము. ఒక రాత్రి 2 నెలల పసికందును ఎత్తుకుని ఒక తల్లి అత్యవసర విభాగానికి వచ్చింది. "బచ్చా సుస్త్ హై, దూద్ నై పీరా" అని పదే పదే చెప్పింది. ఉర్దూ తెలియని మా యువ వైద్యుడు చీటీపై "జ్వరం, ఒక రోజు, 101 డిగ్రీలు" అని మాత్రమే రాసి వరుసలో కూర్చోమన్నాడు. గంట గడిచాక ఉర్దూ తెలిసిన నర్సు ఆ మాటలు విని బిడ్డను లోపలికి తీసుకువచ్చింది. అది మెదడు పొరల వాపు జ్వరమని పరీక్షల్లో తేలింది. బిడ్డ కోలుకుంది. అయితే ఆ గంట ఆలస్యానికి బాధ్యులం మేమే. బిడ్డ మందకొడిగా ఉంది, పాలు తాగడం లేదు అన్న ఆ రెండు మాటలే అసలైన ప్రమాద సూచనలు. పైగా ఆ వయసులో 101 అన్న అంకె ఒక్కటే చాలు, బిడ్డను వెంటనే చూడడానికి.

ఆసుపత్రిలో జ్వరాన్ని ఎలా అంచనా వేస్తారో మీరూ తెలుసుకోవాలి. 3 నెలలు నిండని బిడ్డకు 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ గానీ అంతకు మించి గానీ ఉంటే, బిడ్డ చూడడానికి బాగానే ఉన్నా తక్షణం ఆసుపత్రికి తీసుకురావాలి. 6 నెలలు దాటిన పిల్లల్లో మాత్రం అంకె కంటే బిడ్డ తీరు ముఖ్యం. బిడ్డ పిలిస్తే పలుకుతున్నదా, పాలూ నీరూ తాగుతున్నదా, మూత్రం పోస్తున్నదా అని చూస్తాము. నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నదో లెక్కిస్తాము. 2 నెలలలోపు 60, ఏడాదిలోపు 50, ఆపైన 5 ఏళ్లవరకు 40, లేదా అంతకు మించితే ఊపిరితిత్తుల జబ్బును అనుమానించాలి. చర్మాన్ని నొక్కి వదిలితే రంగు తిరిగి రావడానికి 3 సెకన్లు గానీ అంతకు మించి గానీ పడితే రక్త ప్రసరణ తగ్గిందేమోనని జాగ్రత్తపడతాము. చామనఛాయ పిల్లల్లో పాలిపోవడం ముఖంలో తెలియదు. పెదవులు, నాలుక, అరచేతులు చూడాలి. గాజు గ్లాసుతో అదిమినా మాయం కాని ఎర్రని, ఊదారంగు మచ్చలు అత్యవసర సూచన.

ఇక మందు సంగతి. పారాసిటమాల్‌ను బిడ్డ బరువును బట్టి, కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున, 4 నుండి 6 గంటల వ్యవధితో, రోజుకు 4 మోతాదులు మించకుండా ఇస్తారు. చుక్కల మందు, సిరప్ ఒకే గాఢతలో ఉండవు. సీసాపై చూడకుండా ఒకదాని కొలతతో మరొకటి పోయరాదు. ఆస్పిరిన్ పిల్లలకు ఇవ్వరాదు. డెంగీ అనుమానం ఉంటే ఐబుప్రోఫెన్ కూడా వద్దు. మందుతో జ్వరం దిగినంత మాత్రాన జబ్బు చిన్నదని అనుకోవద్దు. డెంగీలో జ్వరం తగ్గే రోజుల్లోనే ప్రమాదం పొంచి ఉంటుంది. కడుపునొప్పి, ఆగని వాంతులు, రక్తస్రావం, మగత కనిపిస్తే తిరిగి రావాలి. ఫిట్స్ వస్తే బిడ్డను పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టకండి. 5 నిమిషాలు దాటితే 108కు ఫోన్ చేయండి. దువా మానమని మేము చెప్పము, దవా ఆలస్యం కారాదని మాత్రమే కోరుతున్నాము.

వెన్నులోనుండి నీరు తీయాలనగానే కాళ్లు పడిపోతాయన్న భయంతో కొందరు బిడ్డను ఇంటికి తీసుకుపోతారు. ఆ సూదిని వెన్నుపాము ముగిసే చోటుకు దిగువన గుచ్చుతారు. మెదడు పొరల వాపును నిర్ధారించేది ఆ పరీక్షే. అయినా ఆ భయాన్ని తల్లిదండ్రుల అజ్ఞానంగా కొట్టిపారేయడం తగదు. అర్థమయ్యే భాషలో చెప్పకుండా సంతకం అడిగిన మాదే అందులో సగం తప్పు.

జాతీయ మానవ హక్కుల సంఘం 2018లో రూపొందించిన రోగుల హక్కుల పత్రం సమాచారాన్ని, అత్యవసర చికిత్సను, తెలిసి ఇచ్చే సమ్మతిని, వైద్య పత్రాల నకలును రోగి హక్కులుగా పేర్కొన్నది. ప్రభుత్వ ఆసుపత్రి సకాలంలో అత్యవసర వైద్యం అందించకపోవడం జీవించే హక్కుకు భంగమని సుప్రీంకోర్టు 1996లోనే తీర్పు చెప్పింది. కనుక "మా మాట రాయండి, మళ్లీ చెప్పండి" అని అడగడం మర్యాద తప్పడం కాదు.

మీ బస్తీలో రెండు భాషలూ తెలిసిన యువతీ యువకులు వంతులవారీగా ఆసుపత్రికి తోడు వెళ్లగలిగితే ఎంతో మేలు. బిడ్డ బరువు, జ్వరం మొదలైన వేళ, ఇచ్చిన మందు, చివరిసారి మూత్రం పోసిన సమయం ఒక కాగితంపై రాసి తీసుకురండి. ఆ కాగితాన్ని చదవడం, మీ మాటను వినడం మా బాధ్యత. ఆ రాత్రి ఒక తల్లిని వినని మేము ఈ మాట మీ అందరి ఎదుట ఇస్తున్నాము.